విశాఖలో షాపు, ఆఫీసు, గోడౌన్: కమర్షియల్ ప్రాపర్టీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో కమర్షియల్ స్థలం కొనాలన్నా, అద్దెకు తీసుకోవాలన్నా ఈమధ్య అందరిదీ ఒకటే టెన్షన్: ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ దొరకదేమో. ఈ జవాబులు పెద్ద కంపెనీల కోసం రాసినవి కావు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఒక షాపు కొని అద్దె మీద నెట్టుకురావాలనుకునేవారికి, రెండో బ్రాంచి పెట్టాలని చూస్తున్న వ్యాపారులకు, బయటి దేశాల్లో ఉంటూ ఊళ్లో ఆస్తి కొనుక్కోవాలనుకునేవారికి రాసినవి.

విశాఖలో కమర్షియల్ రేట్లు ఇంతగా ఎందుకు పెరుగుతున్నాయి?

మొదటి కారణం ఊరి నైసర్గిక స్వరూపం. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు సింహాచలం కొండలు, మధ్యలో కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ. మిగిలిన నేలలోనూ పోర్టు, నేవీ, రైల్వే, స్టీల్ ప్లాంట్ చేతుల్లో పెద్ద పెద్ద కమతాలు ఉన్నాయి. నగరం నడిబొడ్డున ప్రైవేటు వ్యక్తి అమ్మగలిగే మెయిన్ రోడ్డు స్థలం ఎప్పుడూ తక్కువే. అందుకే ఈ ఊరు హైదరాబాద్‌లా చుట్టూ విస్తరించలేదు. జాతీయ రహదారి 16 వెంబడి అటు ఆనందపురం దాకా, ఇటు అనకాపల్లి దాకా పొడవుగా సాగింది.

రెండో కారణం వరసగా వచ్చిన ప్రకటనలు. ఇన్ఫోసిస్ 2023 అక్టోబర్‌లో రుషికొండలో ఆఫీసు తెరిచింది. టీసీఎస్‌కు రుషికొండలో 21.16 ఎకరాలు, కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో 22 ఎకరాల పైచిలుకు, ఎకరం 99 పైసలకే ఇవ్వాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబర్ 14న గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని ప్రకటించింది. రైల్వే జోన్ కేంద్ర కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. వీటిలో ఏదీ చిన్న విషయం కాదు. అయితే ప్రకటన వచ్చిన వారంలోనే స్థలం రేటు పెరుగుతుంది, అద్దె మాత్రం జనం వచ్చాకే పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఏళ్లు గడుస్తాయి. కింద చెప్పే చాలా జవాబులకు మూలం ఇదే.

గూగుల్ వస్తోంది కాబట్టి ఆఫీసు స్పేస్‌కు గిరాకీ పెరుగుతుందా?

నేరుగా కాదు. గూగుల్ పెడుతున్నదాంట్లో ప్రధాన భాగం డేటా సెంటర్లు. వాటికి కావాల్సింది భూమి, కరెంటు, నీళ్లు, సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి లాంటి చోట్ల వందల ఎకరాలు అడగడానికి కారణం అదే. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. కట్టడం పూర్తయ్యాక, అంత పెద్ద ఆవరణలో పనిచేసేవాళ్లు ఆ స్థాయి ఐటీ క్యాంపస్‌తో పోలిస్తే చాలా తక్కువ. సిరిపురంలో మీరు కొన్న రెండు వేల అడుగుల ఆఫీసును డేటా సెంటర్ వచ్చి అద్దెకు తీసుకోదు.

టీసీఎస్, కాగ్నిజెంట్ సంగతి వేరు. టీసీఎస్ 12 వేల ఉద్యోగాలు, కాగ్నిజెంట్ 8 వేల ఉద్యోగాలు ఇస్తామన్నాయి. అయితే వాటివి సొంత క్యాంపస్‌లు. క్యాంపస్ లేచేదాకా తాత్కాలికంగా అద్దె భవనాల్లో ఉంటాయి, తర్వాత ఖాళీ చేస్తాయి. పెద్ద కంపెనీ అద్దెకు దిగిందని మురిసిపోయే యజమాని, అది ఎన్నాళ్లుంటుందో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఆ ఉద్యోగులు భోజనం చేయాలి, బట్టలు కొనాలి, పిల్లల్ని ట్యూషన్‌కు పంపాలి, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాబట్టి మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది, ఎండాడ ప్రాంతాల్లో టిఫిన్ సెంటర్, ఫార్మసీ, క్లినిక్, జిమ్, సూపర్‌మార్కెట్ పెట్టడానికి పనికొచ్చే చోట్లకే ముందు గిరాకీ వస్తుందని నా అభిప్రాయం. పెద్ద కంపెనీలకు పనిచేసిపెట్టే చిన్న ఐటీ సంస్థలు మాత్రం సొంతంగా ఆఫీసు కట్టుకోలేవు. వాటికి కుర్చీలు, ఏసీ, ఇంటర్నెట్, జనరేటర్ అన్నీ బిగించి ఉన్న ప్లగ్ అండ్ ప్లే ఆఫీసు కావాలి. ఆఫీసు స్పేస్ మీదే పెట్టుబడి పెడతానంటే ఆ రకం చూడండి. ఉత్త గోడల ఆఫీసు చాలాకాలం ఖాళీగా ఉండిపోవచ్చు.

ఏ ఏరియా దేనికి బాగుంటుంది?

ద్వారకానగర్, డాబాగార్డెన్స్, ఆశీలుమెట్ట పాత బలమున్న ప్రాంతాలు. ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కనే ఉండటం వల్ల శ్రీకాకుళం, విజయనగరం నుంచి దిగినవాళ్లు నేరుగా అక్కడికే నడుస్తారు. కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ షాపులు, బట్టల షాపులు, డయాగ్నస్టిక్స్ అక్కడ నిలదొక్కుకున్నది అందుకే. సమస్యల్లా పార్కింగే. సిరిపురం, వీఐపీ రోడ్డు వైపు బ్రాండ్ షోరూములు, బ్యాంకులు, ఆఫీసులు ఎక్కువ. సిరిపురంలో నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ కట్టిన డెక్ భవనంలో కార్ పార్కింగ్, ఆఫీసు అంతస్తులు కలిపి పెట్టడం ఈ పార్కింగ్ బాధ వల్లే.

రామ్‌నగర్, మహారాణిపేటల్లో ఆసుపత్రులు, వాటి చుట్టూ మందుల షాపులు, ల్యాబులు. ఆరిలోవ హెల్త్ సిటీ దగ్గర కూడా అదే తరహా గిరాకీ. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ హోల్‌సేల్ వ్యాపారానివి. అక్కడ షాపులు ఎక్కువగా తెలిసినవాళ్ల మధ్యే చేతులు మారతాయి, బయటివారికి దొరకడం కష్టం.

గాజువాకను చాలామంది తక్కువ అంచనా వేస్తారు. స్టీల్ ప్లాంట్, ఆటోనగర్, దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మా సిటీ ఉద్యోగులకు అదే బజారు. వాళ్లు షాపింగ్ కోసం జగదాంబ దాకా రావాల్సిన పని లేదు. బంగారం, బట్టలు, సెల్‌ఫోన్లు అన్నీ అక్కడే దొరుకుతాయి. ప్రకటనల ఊపు లేకుండా, నెలనెలా జీతం అందుకునే జనం మీద నడిచే మార్కెట్ అది. అద్దె మీద ఆధారపడేవారికి నేను మొదట చూడమనేది గాజువాకే.

భోగాపురం వైపు ఇప్పుడే కొనేయాలా?

అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం నిజంగానే లేచింది. 2026 జనవరిలో పరీక్షా విమానం కూడా దిగింది. ఊహల్లో ఉన్న ప్రాజెక్టు కాదు కాబట్టి అటువైపు ఆశపడటం తప్పు కాదు. కానీ దాని చరిత్ర చూడండి. 2019 ఫిబ్రవరిలో ఒకసారి శంకుస్థాపన, 2023 మే 3న మరోసారి. మొదటి శంకుస్థాపన నాడు అప్పు చేసి రోడ్డు పక్క బిట్టు కొన్నవారు ఏడేళ్లుగా వడ్డీ కడుతూనే ఉండాలి. స్థలం రేటు పెరిగి ఉండొచ్చు, నెలనెలా అద్దె మాత్రం వచ్చి ఉండదు.

బీచ్ రోడ్డులో లులు మాల్‌ది కూడా ఇదే దారి. 2018లో శంకుస్థాపన జరిగింది, 2019లో స్థలం కేటాయింపు రద్దయింది, 2025లో మళ్లీ ఇచ్చారు. మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లు, ప్రధాన మార్గం స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా. స్టేషన్ ఎక్కడొస్తుందో చూపించే బ్రోచర్లు మార్కెట్లో బోలెడు. పిల్లర్లు కనిపించేదాకా మెట్రో పేరు చెప్పి ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వకండి.

భోగాపురం నగరానికి దాదాపు 45 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాలో ఉంది. విమానాశ్రయం పుంజుకున్నాక ముందు వచ్చేవి హోటళ్లు, కార్గో గోడౌన్లు, ట్రావెల్స్ ఆఫీసులు. చిన్న షాపుకు కావాల్సింది నడిచివచ్చే జనం, చుట్టూ ఇళ్లు. అవి ఆలస్యంగా వస్తాయి. పదేళ్లు ఆగగలిగి, అప్పు లేకుండా కొనగలిగితే స్థలం తీసుకోండి. వచ్చే నెల నుంచి అద్దె కావాలంటే అటు వెళ్లకండి.

షాపు కొంటే ఎంత అద్దె రావాలి?

ఒక లెక్క వేసి చూద్దాం. ధర 60 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. మీ జేబులోంచి పోయింది 64.5 లక్షలు. అద్దె నెలకు 22 వేలు అనుకుంటే ఏడాదికి 2.64 లక్షలు. ఏడాదికి ఒక నెల ఖాళీ పోతుందనుకోండి, 2.42 లక్షలు మిగులుతాయి. ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, చిన్నాచితకా రిపేర్లకు 30 వేలు తీసేయండి. చేతికొచ్చేది 2.12 లక్షలు, అంటే 3.3 శాతం. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినా ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. లోను తీసుకుని కొంటే వడ్డీ దీనికి రెట్టింపు పైనే.

“అద్దె తక్కువైనా ఆస్తి పెరుగుతుంది కదండీ” అంటారు. పెరగొచ్చు. కానీ షాపు పెరుగుదల కూడా చివరికి దాని అద్దె మీదే ఆధారపడుతుంది. రేపు మీ దగ్గర కొనబోయేవాడూ ఇదే లెక్క వేస్తాడు. ఖర్చులు పోను 5 శాతమైనా రాని షాపును అద్దె కోసం కొనొద్దనే నేను చెబుతాను. అమ్మేవారు చెప్పిన అద్దెను నమ్మకండి. అదే రోడ్డులో ఇప్పటికే అద్దెకున్న నలుగురు షాపులవాళ్లను అడగండి. చాలామంది దాపరికం లేకుండా చెబుతారు.

ఫస్ట్ ఫ్లోర్‌లో షట్టర్ సగం ధరకే వస్తోంది. తీసుకోవచ్చా?

ముందు ఒక సాయంత్రం ఏడు గంటలప్పుడు వెళ్లి చూడండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో లైట్లు వెలుగుతూ జనంతో కళకళలాడే కాంప్లెక్స్‌లోనే, పక్కన మెట్ల దగ్గర ఇనుప గేటు సగం మూసి ఉంటుంది. మెట్ల కింద బండ్లు, మలుపులో కరెంటు మీటర్ల వరస, పైకెళ్తే ఒక టైలర్ షాపు, ఒక ఆడిటర్ ఆఫీసు, మిగతా షట్టర్ల మీద వెలిసిపోయిన టు-లెట్ బోర్డులు. బోర్డు మీద ఫోన్ నంబరు కూడా సరిగ్గా కనబడదు. మీరు కొనబోయేది ఆ షట్టర్లలో ఒకటి.

లిఫ్టు పనిచేస్తూ, రోడ్డు మీదికి బోర్డు కనబడేలా ఉండి, కస్టమర్ వెతుక్కుంటూ వచ్చే వ్యాపారానికైతే పై అంతస్తు పనికొస్తుంది. డాక్టరు, ట్యూషన్, జిమ్, ఆడిటర్ ఇలాంటివి. దారినపోతూ కొనే సరుకులకు పనికిరాదు.

ఇంకో మాట. బ్రోచర్‌లో 400 అడుగులని రాస్తారు. వరండా, మెట్లు, గోడలు కలిపిన లెక్క అది. టేపు పట్టుకుని లోపలి గోడ నుంచి లోపలి గోడకు కొలిస్తే 250 అడుగులే తేలొచ్చు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం అమ్మకం ఈ లోపలి కొలత (కార్పెట్ ఏరియా) మీద జరగాలి. మీరూ అడుగు ధరను దాని మీదే లెక్కవేసుకోండి.

పెద్ద మాల్స్ వస్తే చిన్న షాపులు మూతపడతాయా?

మద్దిలపాలెంలో సీఎంఆర్ సెంట్రల్ ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. దానివల్ల ద్వారకానగర్ పడిపోలేదు. కైలాసపురంలో ఇనార్బిట్, బీచ్ రోడ్డులో లులు వచ్చాక బ్రాండెడ్ బట్టలు, చెప్పులు, సినిమా, ఫుడ్ కోర్టు వ్యాపారం అటు కొంత మళ్లుతుంది. కిరాణా, మందులు, పెళ్లి బట్టలు, బంగారం లాంటివి పరిచయం మీద, నమ్మకం మీద జరుగుతాయి. వాటికి అంత దెబ్బ ఉండదు.

“కట్టకముందే నెలనెలా అద్దె ఇస్తాం” అంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. ఈ ప్రశ్నకు ఇంతకన్నా మెత్తగా జవాబు చెప్పలేను. పునాది కూడా తీయని బిల్డింగ్‌లో అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? మీరిచ్చిన డబ్బులోంచో, మీ తర్వాత చేరినవారి డబ్బులోంచో తీసి ఇస్తారు. కొత్తవాళ్లు చేరడం ఆగిన నెలే అద్దె ఆగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రీ-లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మకం) పేరుతో మోసపోయి పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నవారిలో పదవీ విరమణ డబ్బు పెట్టినవారూ ఉన్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది యూనిట్లు దాటిన భవనంలో గానీ అమ్మకానికి పెట్టాలంటే, కమర్షియల్ అయినా సరే, ముందు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగి, ఏపీ రెరా వెబ్‌సైట్లో మీరే స్వయంగా చూసుకోండి. “అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో విడదీయని వాటా) ఇప్పుడే రిజిస్టర్ చేస్తాం, రెరా తర్వాత వస్తుంది” అంటే లేచి వచ్చేయండి.

కొనేముందు విశాఖలో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన కాగితాలేమిటి?

ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), పన్ను రసీదులు ఎక్కడైనా చూసేవే. ఈ ఊరికి ప్రత్యేకమైన చిక్కులు కొన్నున్నాయి.

రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. ప్రభుత్వ భూములు, మిగులు భూముల గొడవలు మధురవాడ, ఆనందపురం వైపు ఎక్కువ. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల్లో, అంటే అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం ప్రాంతాల్లో దశాబ్దాల వివాదం ఉంది. అక్కడ తరతరాలుగా ఇళ్లు కట్టుకుని ఉన్నవారి బాధ నిజమైనది. అయినా కొత్తగా వ్యాపారానికి కొనేవారు ఆ చిక్కును నెత్తిన వేసుకోకూడదు.

తీరం దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) నిబంధనలు అడ్డొస్తాయి. రుషికొండ, భీమిలి బీచ్ రోడ్డులో సముద్రం ఎదురుగా స్థలం అనగానే కేఫ్, రిసార్టు కళ్ల ముందు కదులుతాయి. అక్కడ కట్టడానికి అనుమతి వస్తుందా రాదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఎత్తు సంగతి కూడా చూడాలి. నగరంలోని విమానాశ్రయం నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది. పౌర విమానాలు భోగాపురం వెళ్లినా నేవీ స్థావరం ఇక్కడే ఉంటుంది, కాబట్టి చుట్టుపక్కల ఎత్తు పరిమితులు పోతాయనుకోవద్దు.

ఇంకొకటి రోడ్డు వెడల్పు. మాస్టర్ ప్లాన్‌లో మీ ముందున్న రోడ్డు ఎన్ని అడుగులకు పెరగబోతోందో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) టౌన్ ప్లానింగ్‌లో అడగండి. 20 అడుగుల లోతున్న షాపులో 10 అడుగులు రోడ్డులో కలిసిపోతే మిగిలేది అటక. పరిహారంగా టీడీఆర్ బాండు (వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు) ఇవ్వొచ్చు, దాంతో షాపు నడవదు. 15 మీటర్ల ఎత్తు దాటిన వ్యాపార భవనమైతే ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), ఏ భవనమైనా ఓసీ (కట్టడం పూర్తయి వాడుకోవచ్చన్న ధ్రువపత్రం) అడిగి చూడండి. సెల్లార్‌లో పార్కింగ్ ఉండాల్సిన చోట గోడౌనో, హోటల్ వంటగదో నడుస్తుంటే ఆ కాంప్లెక్స్‌కు ఏదో ఒకరోజు నోటీసు తప్పదు.

పన్నులు ఎలా ఉంటాయి?

ఓసీ వచ్చాక పూర్తయిన షాపు కొంటే జీఎస్టీ ఉండదు, కట్టేటప్పుడు కొంటే ఉంటుంది. ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే కొనేవారు అమ్మినవారికిచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు వస్తుంది. 2021 నుంచి రాష్ట్రంలో ఆస్తి పన్నును అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద వేస్తున్నారు, పైగా వ్యాపార భవనాలకు రేటు ఇళ్లకన్నా ఎక్కువ. రిజిస్ట్రేషన్ విలువ పెంచినప్పుడల్లా ఈ పన్ను కూడా కదులుతుందని గుర్తుంచుకోండి.

షాపు అద్దెకు తీసుకుంటున్నాను. అగ్రిమెంట్‌లో ఏం చూసుకోవాలి?

మూడు, ఆరు, ఒక్కోచోట పది నెలల అడ్వాన్స్ అడుగుతారు. ఏడాదికి 5 శాతం, లేదా మూడేళ్లకు 15 శాతం పెంపు మామూలుగా రాసుకునే మాట. మీరు ఇంటీరియర్‌కు నాలుగైదు లక్షలు పెడుతుంటే పదకొండు నెలల అగ్రిమెంట్‌తో సరిపెట్టుకోవద్దు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఖర్చవుతుందని ఇద్దరూ దాన్ని తప్పించుకుంటారు, తర్వాత యజమాని కొడుకో, కొత్తగా కొన్నవారో ఖాళీ చేయమంటే మీ చేతిలో బలమైన కాగితం ఉండదు.

లాకిన్ అంటే ఆ గడువు లోపల ఖాళీ చేయకూడదని. అది మీకు వర్తించినట్టే యజమానికీ వర్తించేలా రాయించుకోండి. పాత అద్దెదారు ఖాళీ చేసి షాపు మీకు వదలడానికి గుడ్‌విల్ డబ్బు అడిగితే ఆ డబ్బుకు చట్టంలో మీకు రక్షణ తక్కువని తెలిసే ఇవ్వండి. అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, రంగులకు ఎంత మినహాయిస్తారో తేదీలతో, అంకెలతో ఉండాలి.

జీఎస్టీలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. యజమానికి జీఎస్టీ నంబరు లేదు, మీకుంది అనుకోండి. 2024 అక్టోబర్ 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం పన్ను, యజమాని బదులు, రివర్స్ చార్జ్ కింద మీరే కట్టాలి. దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారులకు మాత్రం ఈ భారం తర్వాత తీసేశారు.

గోడౌన్ కట్టి అద్దెకిస్తే ఎలా ఉంటుంది?

బాగుంటుంది, స్థలం సరైన చోట ఉంటే. అనకాపల్లి–ఆనందపురం ఆరు వరసల బైపాస్ వచ్చాక లారీలు ఊళ్లోకి రాకుండానే వెళ్తున్నాయి. సబ్బవరం, పెందుర్తి, పరవాడ, అచ్యుతాపురం వైపు గోడౌన్లకు గిరాకీ దానివల్లే. కంటైనర్ లారీ తిరగడానికి సరిపడా రోడ్డు, వానకు నీళ్లు నిలవని మెరక, రాత్రిపూట లోడింగ్‌కు ఊరివాళ్ల అభ్యంతరం లేకపోవడం ముఖ్యం. షెడ్డు డిజైన్ చేయించేటప్పుడు గాలి వేగం లెక్క గట్టిగా వేయించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎగిరిపోయిన రేకులను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉంటున్నాం. విశాఖలో షాపు కొనొచ్చా?

కొనొచ్చు. ఎన్ఆర్ఐలకు నివాస, వాణిజ్య ఆస్తులు కొనే హక్కుంది, వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. కాబట్టి “ఇప్పుడు పొలంగా రిజిస్టర్ చేసి, తర్వాత కమర్షియల్‌కు మారుద్దాం” అన్న మాట మీకు వర్తించదు. అద్దె మామూలుగా ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్ఆర్ఐలు భారత్‌లో వచ్చే ఆదాయానికి వాడే బ్యాంకు ఖాతా) పడుతుంది. మీకు అద్దె కట్టేవారు 30 శాతం పైచిలుకు టీడీఎస్ పట్టుకోవాలి. ఈ తలనొప్పి ఎందుకని చిన్న వ్యాపారులు కొందరు ఎన్ఆర్ఐ యజమానుల షాపులు తీసుకోవడానికి వెనకాడతారు. బంధువుల పేరిట జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇచ్చేటప్పుడు అమ్మే హక్కు ఇవ్వకుండా, అద్దెకిచ్చే, పన్నులు కట్టే అధికారం వరకే రాయండి.

నా దగ్గర పది లక్షలే ఉన్నాయి. కమర్షియల్‌లో పెట్టే దారి ఉందా?

స్టాక్ మార్కెట్లో లిస్టయిన రీట్ యూనిట్లు ఉన్నాయి. రీట్ అంటే చాలామంది డబ్బుతో అద్దె భవనాలు కొని, వచ్చిన అద్దెను పంచే ట్రస్టు. కొద్ది వేలతోనూ మొదలుపెట్టొచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు. 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చిన్న, మధ్యస్థాయి రీట్లకూ నిబంధనలు తెచ్చింది. వాటిలో కనీస పెట్టుబడి 10 లక్షలు. రీట్ల భవనాలు ఎక్కువగా బెంగళూరు, ముంబై, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నాయి, అంటే మీ డబ్బు విశాఖలో ఉండదు. అయినా పది లక్షలకు నలుగురు కలిసి ఒక షట్టర్ కొని వాటాల గొడవ పడటం కన్నా ఇది నయం.

మెయిన్ రోడ్డు మీద మాకు 400 గజాల పాత ఇల్లుంది. బిల్డర్ డెవలప్‌మెంట్‌కు అడుగుతున్నాడు. ఇవ్వాలా?

వాటా శాతం మీద బేరమాడే ముందు, మీకు ఏ అంతస్తు వస్తుందో అడగండి. సగం వాటా ఇచ్చి, గ్రౌండ్ ఫ్లోర్ అంతా తను ఉంచుకుని, పై రెండు అంతస్తులు మీకిస్తే మీరు నష్టపోయినట్టే. ప్రతి అంతస్తులోనూ రోడ్డు వైపు భాగంలో మీ వాటా ఎంతో ప్లాను మీద రంగు వేసి, దాన్ని అగ్రిమెంట్‌కు జతచేయించండి. కట్టే కాలంలో మీ ఇంటద్దె ఎవరు కట్టాలి, గడువు దాటితే నెలకు ఎంత ఇవ్వాలి, ఓసీ ఎవరు తేవాలి అన్నవీ అందులోనే ఉండాలి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేయకండి, ప్లాను మంజూరయ్యేదాకా పాత గోడ పడగొట్టనివ్వకండి.